మెట్లెక్కని సోఫా

మా మేడమీది గదికి అద్దెకొచ్చిన అబ్బాయి సోఫాల దుకాణంలో పనిచేస్తాడని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. జీతమెంతో తెలుసుకోవడానికి మరో పూట. మిగతావన్నీ అతనే చెప్పాడు. తండ్రి లేడు, తల్లి అక్క దగ్గర ఉంటుంది, బావ సొంత లారీ నడుపుతాడు, గదిలో ఫ్యాను చప్పుడు చేస్తుంది. ఆ చివరిది నేను వినిపించుకోలేదు.

మనిషి మంచివాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో దుకాణం వాళ్ల కార్డు తగిలించుకుని, మా ఇంటి పక్కనున్న ఇనప మెట్లు గిరగిరా దిగేవాడు. అవి గుండ్రంగా తిరిగే మెట్లు. ఎంత సన్నగా ఉన్నవాడైనా భుజం ఒకవైపు వంచుకుని దిగాల్సిందే. ఉతికిన బట్టల బుట్టతో ఎక్కాలంటే నేను దాన్ని నెత్తిన పెట్టుకుంటాను. మెట్ల సంగతి ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇతని కథంతా అక్కడే ఇరుక్కుంది.

ఉద్యోగం పర్మనెంటైన మర్నాడు ఒక వ్యాను మా గేటు ముందు ఆగింది. అందులోంచి మనుషులు ఒక సోఫాను దించారు. ముగ్గురు కూర్చునేది. లేత పసుపు మఖమల్ గుడ్డ, దిండ్లలాంటి గుండ్రటి చేతులు. వెనకాలే మా అబ్బాయి, పెళ్లికొడుకు నడిచినట్టు నడిచి వచ్చాడు.

"ఎవరిదిరా ఇది?" అన్నాను.

"నాదే మామ్మగారూ. పైకెక్కించాలి."

నేను సోఫా వంక చూశాను, మెట్ల వంక చూశాను. వ్యాను మనుషులు కూడా అదే వరసలో చూశారు.

"కొలతలు తీసుకున్నారా బాబూ?" అని వాళ్లలో పెద్దాయన అడిగాడు.

అబ్బాయి మెడలోని కార్డు సర్దుకున్నాడు. దుకాణానికి వచ్చే ప్రతివాళ్లనూ "మీ గుమ్మం వెడల్పెంత సార్, మెట్లెలా ఉంటాయి మేడమ్" అని అడగడమే ఇతని రోజువారీ పని. తనను తాను మాత్రం అడగలేదు.

నిలబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు, కాళ్లు ఊడదీసి చూశారు. తాళ్లు కట్టి పైనుంచి లాగుదామంటే కరెంటు తీగలు అడ్డం. వెనక్కి పంపుదామంటే, సిబ్బందికి తగ్గింపు ధరకిచ్చిన సరుకును దుకాణం వాళ్లు తిరిగి తీసుకోరట. చివరికి దాన్ని మా వరండాలో దించి, నేనిచ్చిన టీ తాగి వెళ్లిపోయారు.

మా ఆయన బయటికొచ్చి చూశారు. "మనిషి పైన, సామాను కింద. రెండు వాటాల అద్దె తీసుకోవాలేమో" అని లోపలికి వెళ్లిపోయారు.

వారం తిరిగేసరికి అది వీధి సోఫా అయిపోయింది. పింఛను తాతలిద్దరు పేపరు పట్టుకుని పొద్దున్నే వచ్చేసేవారు. బస్సు కోసం చూసే టీచరమ్మ ఒక చివర కూర్చునేది. సాయంత్రాలు నావి. అక్కడ కూర్చుంటే వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది, ఎవరింటికి ఎవరొచ్చారో లేవకుండానే తెలిసిపోతుంది. నా కాళ్లు నేలకు అందేవి కావనుకోండి, అదొక్కటే లోటు. అందరూ కూర్చునే ఆ సోఫాకు వాయిదా మాత్రం అతనొక్కడే కట్టేవాడు. దాని మీద కూర్చోవడానికి అతనికి తీరికా ఉండేది కాదు, చోటూ దొరికేది కాదు.

ఒకరోజు పట్టుకుని అడిగాను. "అసలెలా కొన్నావురా దీన్ని?"

"నాకు నేనే అమ్ముకున్నాను మామ్మగారూ."

"అదేం మాట?"

"మధ్యాహ్నాలు బేరాలుండవు కదా. ఊరికే ఎందుకని, చెప్పాల్సిన మాటలు దీని దగ్గర నిలబడి అలవాటు చేసుకునేవాణ్ని. పగలంతా కష్టపడ్డ నడుము సార్, దానికి మీరేమిచ్చారు? రోజుకు రెండు టీల ఖర్చు, అంతే సార్. అలా చెప్పగా చెప్పగా, ఒకరోజు నిజంగానే నా నడుముకు నేనేమీ ఇవ్వలేదనిపించింది."

ఫోనూ అలాగే కొన్నాడట. కాఫీ మిషనూ అంతే, ఇంట్లో పాలు లేకపోయినా. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క వాయిదా. నెల మొదట్లో మెట్లు గిరగిరా దిగే మనిషి నెలాఖరుకు మెల్లిగా దిగేవాడు. ఆ చప్పుణ్ణిబట్టి నేను కాలెండరు చూడకుండా తేదీ చెప్పగలిగేదాన్ని.

అలా ఉండగా ఒక సాయంత్రం వచ్చి, తన సోఫా మీద తానే మొదటిసారి కూలబడ్డాడు. దుకాణంలో కొత్త విభాగం పెడుతున్నారట. జనం ఇళ్లకు వెళ్లి గదులు కొలిచి, ఏ వస్తువు ఎక్కడ పడుతుందో కంప్యూటరులో బొమ్మ గీసి ఇవ్వడం ఆ ఉద్యోగం. జీతం బాగుంటుంది. పైగా చేతికొచ్చిన పని, ఎక్కడికి వెళ్లినా అన్నం పెడుతుంది. అయితే ఆ గీయడం నేర్పే కోర్సు చేసినవాళ్లకే ఇస్తారు. క్లాసులు కొత్త సంవత్సరంలో మొదలు, ఫీజు మొత్తం ముందే కట్టాలి. టై కట్టుకుని వచ్చే ఇంకో సేల్స్ అబ్బాయి అప్పుడే కట్టేశాడు.

"ఇది పోతే మళ్లీ ఎప్పుడో మామ్మగారూ. అప్పటిదాకా సోఫాలకు దుమ్ము దులుపుకుంటూ ఉండాలి."

"అక్కను అడగలేవూ?"

"అమ్మను చూసుకుంటోంది. ఇంకేమడగను? ఫీజుక్కూడా ఈఎంఐ ఉందట, అది తీసుకోనా?"

నేను సోఫా మీద చెయ్యి వేసి నిమిరాను. అతనికి అర్థమై తల దించుకున్నాడు.

పాపం అనిపించింది. అయినా జాలిపడి కూర్చుంటే ఫీజు పుట్టదు. "సరే విను. ఇకనుంచి ఏది కొనాలన్నా ముందు నాకు అమ్ము. నేను తీసుకుంటానంటేనే నువ్వు కొనుక్కో" అన్నాను.

అతను నవ్వాడు. "మీరు గట్టివారు మామ్మగారూ."

"అమ్మడం నీ పనే కదా. గట్టివాళ్లకు అమ్మితేనే మొనగాడివి."

ఆ ఆదివారమే ఫోనులో చేతి గడియారం బొమ్మ చూపిస్తూ దిగాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇది మామూలు గడియారం కాదు మామ్మగారూ. మీరెంత నడిచారో చెబుతుంది."

"నా కాళ్లు చెబుతాయి. ఇంకా?"

"గుండె ఎలా కొట్టుకుంటోందో చూపిస్తుంది."

"కొట్టుకుంటోంది కదా, చాలు. ఇంకా?"

"నిద్ర సరిగ్గా పట్టిందో లేదో పొద్దున్నే తెలిసిపోతుంది."

"పట్టకపోతే దానికంటే ముందు నాకే తెలుస్తుందిగా. ఛార్జింగు ఎన్నాళ్లుంటుంది?"

"ఒక రోజు."

"అంటే రోజూ దానికి సేవ చెయ్యాలి. ఇంట్లో మీ తాతగారు చాలరా నాకు?"

లోపలినుంచి మా ఆయన దగ్గు వినిపించింది. అబ్బాయి ఆ బొమ్మను ఇంకాసేపు చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

తర్వాత చెవుల్లో పెట్టుకుని పాటలు వినేవి వచ్చాయి. సగం ధరకిస్తున్న బూట్లు వచ్చాయి. "మిగతా సగం ఎవరు కడుతున్నారు?" అన్నాను. "ముందు రెట్టింపు రాసి ఉంటారు" అని అతనే ఒప్పుకున్నాడు. ఆ రహస్యం దుకాణంలో పనిచేసేవాడికి తెలియనిదా. అతను అన్నిసార్లూ ఓడిపోయాడని కాదు. వానకోటు అమ్మడానికి వచ్చినప్పుడు ఒక్క గొప్పమాట కూడా వాడలేదు. "తడిస్తే జ్వరం, జ్వరమొస్తే సెలవు, సెలవు పెడితే కమిషను పోతుంది" అన్నాడు. కొనుక్కోమన్నాను. మా ఆయనకూ ఒకటి తెప్పించాను.

పోగాపోగా మాటతీరే మారింది. నేను అడగబోయేవి ముందే తనను తానే అడిగేసుకునేవాడు. "ఇది మీకు అమ్మలేను మామ్మగారూ, మూత విడిగా కొనాలట" అని మెట్ల మీదినుంచే చెప్పి వెళ్లిపోయేవాడు. ఏం వస్తువో నాకు తెలిసేది కాదు. అది మాత్రం కొంచెం కష్టంగా ఉండేది. దుకాణంలో కూడా ఇతని మాట జనం నమ్మడం మొదలుపెట్టారట, కమిషను కాస్త పెరిగింది.

అయినా సంవత్సరాంతం దగ్గరపడేసరికి లెక్క తేలలేదు. ఎటు చూసినా సోఫా వాయిదా దగ్గరికి వచ్చి ఆగిపోయేది. అమ్మేస్తానన్నాడు.

"మా సోఫాను అమ్మేస్తావా?" అన్నాడు పింఛను తాతల్లో పెద్దాయన.

"వద్దంటే మానేస్తాను తాతగారూ. వచ్చే నెల వాయిదా మీరు కట్టండి."

తాతలిద్దరూ పేపరులో మునిగిపోయారు. టీచరమ్మకు బస్సు వచ్చేసింది. నాకూ దిగులుగానే ఉంది, కానీ కట్టమంటాడేమోనని నోరెత్తలేదు.

వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయన బేరానికి వచ్చాడు. కస్టమర్లు కూర్చోవడానికి కావాలట. వచ్చి కూర్చుని, రెండుసార్లు ఎగిరి చూసి, "బాగుంది తమ్ముడూ, ఎంత?" అన్నాడు. ఇక నడుము గురించి మొదలుపెడతాడని నేను చెవులు రిక్కించాను. అబ్బాయి ధర మాటే ఎత్తలేదు. టేపు తీసుకుని నేరుగా సెలూన్‌కి వెళ్లాడు. వెళ్లి కొలుచుకుని వచ్చి చెప్పాడు.

"అన్నా, మీ గుమ్మంలోంచి మామూలుగా పట్టదు. తలుపు రెక్క ఊడదీసి, నిలబెట్టి తిప్పాలి. ఇంకో సంగతి, ఇది మఖమల్. వెంట్రుకలు అంటుకుంటే ఓ పట్టాన రావు. పైన రెక్సిన్ తొడుగు కుట్టించుకోవాలి, దానికి మళ్లీ ఖర్చు."

నేను తల పట్టుకున్నాను. అమ్ముకునేవాడు ఎవడైనా తన సరుకుకు తానే వంకలు పెడతాడా? సెలూన్ ఆయన గడ్డం గోక్కున్నాడు.

"పొద్దున ఇంకోచోట చూసి వచ్చాను. వాళ్లెవరూ వెంట్రుకల మాట చెప్పలేదు. నీదే తీసుకుంటా. తొడుగు ఖర్చు తగ్గించుకుని ఇస్తాను, సరేనా?"

కొన్న ధర రాలేదు. కానీ మిగిలిన వాయిదాలు ఒక్కసారిగా తీరిపోయాయి. కొనని గడియారం, కొనని బూట్లు, చెవులకు పెట్టుకోని పాటలు అన్నీ కలిస్తే కోర్సు ఫీజు అయింది. సోఫాను సెలూన్ దాకా వీధంతా మోసింది. తాతలు మోయలేదు కానీ, ముందు నడుస్తూ ఎటు తిప్పాలో చెప్పారు. ఇద్దరూ చెరోవైపు చెప్పడం వల్ల కాస్త ఆలస్యమైంది.

క్లాసులు సాయంత్రాలు ఉండేవి. దుకాణం నుంచి అటే వెళ్లి, వచ్చి మెట్ల మీదే కూర్చుని గీసుకునేవాడు. మా వంటిల్లు ఎన్నిసార్లు గీశాడో. అందులో నా డబ్బాలకు చోటే లేదని నేనెన్నిసార్లు చెరిపించానో.

దుకాణంలో ఎంపిక జరిగిన రోజు గేటు దగ్గరే నిలబెట్టి అడిగాను. "ఏమడిగారు, ఏం చెప్పావు, ఎవరెవరున్నారు?"

"మా మేనేజరమ్మ కస్టమరులా నటించారు. పెద్ద సోఫా కావాలన్నారు. టై అబ్బాయి గుడ్డ గురించి, రంగు గురించి చక్కగా చెప్పాడు. నా వంతు వచ్చాక నేను, మీ ఇంటి మెట్లెలా ఉంటాయి మేడమ్ అన్నాను. గుండ్రంగా తిరిగే ఇనప మెట్లు అన్నారావిడ."

"అయ్యో. నీ సంగతి తెలిసే అందా?"

"తెలియందెవరికి? అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అయితే పెద్దది వద్దు మేడమ్, నాకు అనుభవం అన్నాను. అప్పుడావిడ మొదలుపెట్టారు. ఎందుకు వద్దు, ఎంతదైతే పడుతుంది, రేపు ఇల్లు మారితే ఏం చెయ్యాలి అని ఒకటే ప్రశ్నలు."

"భయం వెయ్యలేదూ?"

"అవి మామూలు ప్రశ్నలే మామ్మగారూ. ఆవిడేమీ మా బావ లారీ ఎంత మైలేజీ ఇస్తుందని అడగలేదు."

అది నేనడిగినదే. అతని ముఖం చూస్తే ఉద్యోగం వచ్చిందని తెలుస్తూనే ఉంది, అయినా అతని నోటితో చెప్పించుకున్నాను.

కొత్త జీతం మొదటిసారి అందుకున్న తర్వాత ఒకరోజు టేపు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. గోడ కొలిచాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలి నుంచి నేల దాకా కొలిచాడు. ఎందుకురా అంటే చెప్పలేదు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆఖరికి ఒక చెక్క బెంచీ వచ్చింది. గోడకు సరిగ్గా సరిపోయింది.

"నాకు అమ్మకుండానే కొన్నావే. మాట తప్పావు. వాయిదానా?"

"రొక్కం. మీకిచ్చేదాన్ని మీకే ఎలా అమ్మను?"

కూర్చున్నాను. వీధి రెండు చివరలా కనిపించింది. పాదాలు రెండూ నేలకు చక్కగా ఆనాయి.

"ఏ కర్ర ఇది? ఎవరు చేశారు? ఎంత తీసుకున్నాడు? మేకులా, స్క్రూలా?" అన్నాను. అతను పక్కనే కూర్చుని, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. అతను చెబుతూంటే పైనుంచి ఒకటే టకటక చప్పుడు. గదిలో ఫ్యాను ఆపడం మరిచిపోయి వచ్చినట్టున్నాడు.

మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను.