ఖాళీ దీవి మీద ఫిరంగులు

కేంబ్రిడ్జ్‌లో కాలేజీకి వెళ్తూ పార్ట్‌టైమ్ పని చేసుకుంటున్న రోజులవి. ఒక ఉదయం పొగమంచు వల్ల సిటీ బస్సు చాలా మెల్లగా వెళ్తోంది. నా పక్కన తొంభై దాటిన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తూ, "ఆ దీవిలోనూ ఇలాగే ఉండేది" అన్నారు ఇంగ్లీషులో.

"ఏ దీవండీ?" అని అడిగాను.

రెండో ప్రపంచ యుద్ధంలో, అలాస్కాకు ఆవల, శత్రు స్థావరం ఉన్న దీవి అది. పంతొమ్మిదేళ్ళ సైనికుడిగా ఆయన ఓడ మీద నిలబడి చూశారట. యుద్ధనౌకల ఫిరంగులన్నీ ఒక్కసారిగా పేలితే కాళ్ళ కింద ఓడ కంపించిందట, మంచు వెనక కొండలు ఎర్రగా వెలిగాయట.

"అక్కడ ఒక్క ప్రాణీ మిగలదనుకున్నా. ఒడ్డున దిగితే ఓ కుక్క తోకూపుకుంటూ ఎదురొచ్చింది. మనుషులెవరూ లేరు. శత్రువులు ఎప్పుడో మంచు చాటున ఓడలెక్కి వెళ్ళిపోయారు."

"అయితే ఎవరూ చనిపోలేదన్నమాట!" అన్నాను సంతోషంగా.

ఆయన తన కుడిచేతి వైపు చూసుకున్నారు. "వాళ్ళు వెళ్ళిపోయారని అప్పటికి మాకు తెలియదమ్మా. మంచులో నీడ కదిలితే కాల్చాం. అవతల ఉన్నదీ మావాళ్ళే. నేనూ కాల్చాను. ఎవరికి తగిలిందో ఇప్పటికీ తెలియదు."

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆయన వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజు పనికి ఆలస్యంగా వెళ్ళాను. సూపర్‌వైజర్ అడిగితే బస్సు లేటని చెప్పాను. నిజానికి నా స్టాప్‌లో బస్సు ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి కూడా. నేనే లేవలేదు.