అన్నకు బర్రె మందు

మా అన్నకు గంజాయి తినిపించాలన్న ఆలోచన నాకు ఒక అమెరికా డాక్టరు వల్ల వచ్చింది. ఆయనెవరో నాకు తెలియదు, నేనొకదాన్ని ఉన్నానని ఆయనకూ తెలియదు. ఆయన గొంతు మాత్రం కొన్నాళ్లపాటు రోజూ నా చెవుల్లో ఉండేది.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్నారు. ఆ మేడల్లోకి నన్నెవరూ రానివ్వలేదు గానీ, వాటి వెనక సందులో ఒక రెండంతస్తుల ఇంట్లో ఉద్యోగం దొరికింది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక తాము చూసింది, విన్నది, రాసిచ్చిన మందులు అన్నీ గబగబా చెప్పి రికార్డు చేస్తారు. అది మాకు వస్తుంది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ, విన్నది విన్నట్టు టైపు చేయాలి. పెడల్ తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే నోరు మూస్తాడు. ప్రపంచంలో డాక్టర్ల నోరు మూయించగలిగిన ఉద్యోగం అదొక్కటే అని మా అన్న నవ్వేవాడు.

అన్న నాకంటే మూడేళ్లు పెద్ద. ఎనిమిదేళ్ల వయసులో నేల మీంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తన ఒళ్లు తనే ఎక్కుతున్నట్టు లేచేవాడు. బద్ధకమనుకుని అమ్మ రెండు అంటించిందట. పదిహేడో ఏట నడక పూర్తిగా పోయింది. పట్నంలో పెద్ద దవాఖానలో తొడలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. కండలు కరిగిపోయే జబ్బు, పుట్టుకతోనే ఉంది, తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది, మందు లేదు అన్నారు. అమ్మ తమ్ముడు కూడా అట్లాగే మంచాన పడి చనిపోయాడు. "నా కడుపులనుంచే వచ్చిందట బిడ్డా," అని అమ్మ ఆ తరువాత ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. నాకు మొదట్లో జాలివేసేది, తరువాత చిరాకు వేసేది. నేనూ ఆ కడుపులోంచే వచ్చాను కదా, నాలో ఏముందో ఎవరు చెప్పాలి అని లోపల్లోపల భయపడేదాన్ని. పైకి మాత్రం అనలేదు.

కండ కరిగితే నొప్పేముంటుంది అనుకుంటారు చూడవచ్చినవాళ్లు. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ ఒక వైద్యుడే మా మణికొండలో. ఒకరు కోడిగుడ్డు నూనె అంటారు, ఒకరు ముడుపు కట్టమంటారు. పొద్దుగూకే వేళకు అన్న పిక్కలు ఎట్లా పట్టుకుంటాయో వాళ్లకేం తెలుసు? దారాన్ని పురిపెట్టి పెట్టి, ఇంకా పెడుతూనే ఉన్నట్టు లోపల మెలితిరిగేవి. అమ్మ ఒక కాలు, నేనొక కాలు పట్టుకుని పిసికేవాళ్లం. దవాఖాన మాత్రలు కడుపులో మంట పెట్టాయే తప్ప పిక్కల జోలికి పోలేదు. అన్న అరిచేవాడు కాదు. పళ్లు బిగబట్టి నా శిక్షణ పుస్తకం తెరిచి, "చెప్పు, నిమోనియా స్పెల్లింగ్," అనేవాడు. నాకు శిక్షణలో ఇచ్చిన వైద్య నిఘంటువు నాకంటే ముందు అతనికే కంఠతా వచ్చింది.

ఒక ఉదయం షిఫ్టులో నా ఫైలు తెరిస్తే, ముప్పై ఏళ్ల మగమనిషి, మా అన్నకున్న జబ్బే. పెడల్ మీద కాలు బరువెక్కింది. చక్రాల కుర్చీ, పిక్కల పట్టు, నిద్రలేమి, అన్నీ మా ఇంట్లో కూర్చుని చెబుతున్నట్టే ఉంది. చివర్లో డాక్టరు మామూలు గొంతుతో, రోగి సాయంత్రాలు కొద్దిగా కానబిస్ వాడుతున్నాడనీ, పట్టు తగ్గిందనీ, నిద్ర, ఆకలి మెరుగయ్యాయనీ, బలం మాత్రం పెరగలేదనీ చెప్పాడు. ఆ పదం నాకు తెలియలేదు. తెనాలి వైపు నుంచి వచ్చిన మా సీనియర్‌ని అడిగాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "గంజాయండీ. అక్కడ ఒక రాష్ట్రంలో ఈమధ్యే డాక్టర్లు చెబితే వాడుకోవచ్చన్నార్లెండి. మీరు టైపు చేసేసి ముందుకెళ్లిపోండి."

ముందుకెట్లా వెళ్తాను? ఆఫీసులోంచి కాగితం ముక్క బయటికి తీసుకుపోకూడదు. అదే మాకు మొదటి రోజు చెప్పిన మొదటి రూలు. అందుకని ఆ నాలుగు వాక్యాలు పరీక్షకు చదివినట్టు బట్టీ పట్టి ఇంటికి వచ్చాను.

ఇంట్లో గంజాయి ఉందని నాకు తెలుసు. అమ్మకు రెండు బర్రెలుండేవి. పాలు పోసి మమ్మల్ని పెంచింది. బర్రె మేత ముట్టకపోయినా, పేడ నీళ్లగా పోసి పారుడు పెట్టినా, ఊళ్లో పశువుల మందు ఇచ్చే తాత దగ్గర తెచ్చిన ఎండాకు బెల్లంలో కలిపి మింగించేది. చుట్టుపక్కల బర్రెలున్న ఇళ్లలో అప్పుడది వింతేమీ కాదు. గుడ్డలో మూటగట్టి పశువుల కొట్టంలో చూరులో దోపి ఉండేది. అది మనుషులకు నేరమన్న సంగతి అమ్మకు తెలుసు గానీ, బర్రెను పోలీసులు పట్టుకుపోతారా అని ఆమె ధీమా.

నేను అమెరికా డాక్టరు చెప్పింది అమ్మకు చెప్పాను. "గంత పెద్ద డాక్టరే అన్నంక నాకేం ఫికర్," అని లేచింది. తరువాత ఆగి, "వానికి చెప్పకు. తెలిస్తే తినడు," అన్నది. నేను సరేనన్నాను. తిలాపాపం తలా పిడికెడు. అందులో నా పిడికెడు ఇదే.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ బెల్లం ఉండ పెట్టింది. అన్న తిని, "చేదుగున్నదేందే," అన్నాడు. పాత బెల్లమన్నాం. గంట గడిచింది, ఏమీ కాలేదు. బర్రెకు మందు పెడితే పాలు పితికేలోగా గుణం కనబడాలి, లేకపోతే ఇంకోటి పెట్టాలి. అమ్మకు తెలిసిన లెక్క అది. రెండు బర్రెల పాలు పితికి వచ్చి, మార్పు లేదని ఇంకో ఉండ పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. రోజూ పదుల మంది రోగుల మందుల మోతాదులు టైపు చేసే దాన్ని, నోరు తెరవలేదు.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టైంది. పొద్దు ఇంకా గూకలేదు, అన్న కళ్లు ఎర్రబడ్డాయి. గుండె దడదడ కొట్టుకుంటున్నది, గోడ మీదికొస్తున్నది, నా చేతులు నాయి కావు అంటూ వణికాడు. "అమ్మా, నేను వోతున్ననే," అన్నాడు. కదలలేని మనిషికి భయమేస్తే పారిపోవడానికి కూడా వీల్లేదు. ఆ సంగతి నాకు ఆ రోజు తెలిసింది. అమ్మ తల బాదుకుంటూ నిజం చెప్పేసింది. నేను అతని చేయి పట్టుకుని కూర్చున్నాను. నేను చంపేశాననుకున్నాను. ఏడుపు కూడా రాలేదు. చివరికి నిద్రపోయాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు.

లేచాక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నేను ఆఫీసు నుంచి రాగానే పిలిచాడు.

"బర్రెకు మందు పెట్టేముందు గూడ అమ్మ దాని మెడ నిమురుతది. మెల్లగ ఏదో చెప్తది. నాకు గదిగూడ చెయ్యలే మీరు."

"అన్నా, నీ మంచికే..."

"నా మంచి నాకెర్కలేదా? కాళ్లు వోయినయి, నడుము వోతున్నది. ఏది మింగాల్నో, ఏది మింగొద్దో చెప్పెటందుకు నోరొక్కటున్నది. దాన్ని గూడ మీరే గుంజుకుంటే ఇగ నేనెందుకు?"

నాకు కోపం ఎక్కువ. మాటకు మాట అప్పగించనిదే అన్నం సహించదు. ఆ రోజు మాత్రం తప్పైంది అన్నాను. ఆ మాట నా నోట వినడం అదే మొదటిసారి అని తరువాత అన్న వెక్కిరించాడు.

కాసేపటికి, "ఆ డాక్టర్ ఏమన్నడో మొత్తం చెప్పు," అన్నాడు. బట్టీ పట్టింది ఇంగ్లీషులోనే అప్పజెప్పాను. ‘రోగి చెప్పినదాని ప్రకారం’ అనే ముక్క దగ్గర నన్ను ఆపి, మళ్లీ చెప్పమన్నాడు.

"జూసినవా? ఆ మనిషి తినుకుంట డాక్టర్‌కు చెప్పిండు. డాక్టర్ రాసుకున్నడు. ఎవ్వరు బెల్లంల దాచిపెట్టలే."

రెండు వారాలు ఆలోచించి, తనే అడిగి తీసుకున్నాడు. ఎంత, ఎప్పుడు అన్నది తనే చెప్పాడు. అమ్మ పెట్టినదాంట్లో ఆవగింజంత అనుకోండి. నేను ఇంకా తక్కువ చేయబోతే కసిరాడు. ఆ సాయంత్రం పిక్కలు పట్టుకున్నాయి, కానీ పళ్లు బిగబట్టలేదు. ఎట్లుందని అడిగితే, "నొప్పి వోలే. రోజు నా మీద కూసునేది, ఇయ్యాల పక్కన కూసున్నది," అన్నాడు. పుంటికూర పప్పు రెండోసారి వడ్డించమని అడిగితే అమ్మ పొయ్యి దగ్గరికి పోయి కళ్లు తుడుచుకున్నది.

అది మహిమ అని నేననను. చేతిలో బలం నెలనెలా తగ్గుతూనే వచ్చింది. కొన్ని సాయంత్రాలు మందకొడిగా ఉండి, నిఘంటువులో ఒకే పేజీ చూస్తూ కూర్చునేవాడు. అది నాకు నచ్చేది కాదు. మా గల్లీలో జీపు చప్పుడైతే నా ప్రాణం పోయేది. మెడలో ఐడీ కార్డు వేసుకున్న పిల్ల ఇంట్లో గంజాయి అని ఊరు చెప్పుకోవడం ఊహించుకుని, నా పరువు గురించి భయపడేదాన్ని. దాచడమెందుకు, అన్న పిక్కల కంటే నా పరువే ముందు గుర్తొచ్చిన రోజులున్నాయి.

మరుసటి వానాకాలం మొదట్లో అన్నకు ఆయాసం మొదలైంది. దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు గుండె పరీక్ష చేయించి, కాగితాలు చూస్తూ ఎప్పటిలాగే అమ్మను అడిగాడు.

"ఏమేం మందులు వాడుతున్నాడమ్మా?"

అమ్మ నన్ను చూసింది. నేను నేలను చూశాను.

"గంజాయి సార్," అన్నాడు అన్న. "పొద్దుమూకినంక జరంత. పిక్కలకు."

డాక్టరు కలం ఆగింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, ఈసారి తన కుర్చీ అన్న వైపుకు తిప్పుకున్నాడు. ఎంత, ఎన్నాళ్లుగా, తిన్నాక గుండె దడ వస్తుందా, పొగ తాగుతావా అని అడిగాడు. అన్న ఒక్కొక్కదానికీ నిదానంగా చెప్పాడు. పదిహేనేళ్లుగా దవాఖానలు తిరుగుతున్నాం, ఎవరైనా అన్నను అన్ని ప్రశ్నలు అడగడం నేను చూడలేదు.

"ఇది నేను రాయలేను," అన్నాడు డాక్టరు చివరికి. "నీ గుండె కండ కూడా బలహీనపడింది. ఇది గుండె వేగాన్ని పెంచుతుంది. మానేయడం మంచిది. పిక్కలకు వేరే మాత్ర రాస్తాను. అంత పనిచేస్తుందని మాటివ్వలేను."

ఆటోలో టోలిచౌకి దాటాం. తరువాత అమ్మ, ఇంటికి పోగానే ఆ మూట పొయ్యిలో పడేస్తానన్నది. నేను, ఇవాళ్టి నుంచే బంద్ అన్నాను. మాత్ర ఏ టైముకు వెయ్యాలో ఇద్దరం మాట్లాడుకుంటున్నాం. మా మధ్య ఒరిగి కూర్చున్న అన్న, "మళ్ల మొదలువెట్టిండ్రు," అన్నాడు.

కోపంగా అనలేదు. అలసిపోయి అన్నాడు. అది నన్ను ఎక్కువ కోసింది.

ఇంటికి వచ్చి మంచం మీద పడుకోబెట్టాం. పొద్దుగూకింది, పిక్కలు పట్టుకోవడం మొదలైంది. గుండెకు చేటని ఆయన చెప్పిన మాట నా చెవుల్లో ఉంది. వద్దు అని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగి, "అన్నా, ఇయ్యాల కావాల్నా?" అని అడిగాను.

"ఇయ్యాల వద్దు. మాత్ర జూద్దాం. రేపు మళ్ల అడుగు," అన్నాడు.

మర్నాడు అడిగాను. ఆ మర్నాడూ అడిగాను. కొన్ని రోజులు వద్దన్నాడు, నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా వద్దన్నాడు. కొన్ని రోజులు ఇయ్యమన్నాడు. అమ్మ పొయ్యిలో వెయ్యని ఆ మూట విప్పి, చేటని తెలిసీ ఇచ్చాను. ఇప్పటికీ నేను చేసింది తప్పా ఒప్పా అని నన్ను నేను అడుగుతూనే ఉంటాను. ఏడు నెలలు, ఒక్క సాయంత్రం కూడా అడగడం మానలేదు.

అన్న ఒక పొద్దున పోయాడు. వచ్చినవాళ్లంతా వెళ్లాక, పొద్దుగూకే వేళకు నా కాళ్లు వాటంతటవే మంచం దగ్గరికి నడిచాయి. "అన్నా" అని పిలిచాను కూడా. ఇక ఏం అడగాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.