యాళి మూడో అడుగు

దయ్యాలంటే నాకు భయం ఉండేది కాదు. నిజానికి ఆసక్తి కూడా ఉండేది కాదు. చిత్తూరులో లెక్కల తనిఖీ ఉద్యోగం చేసినవాణ్ణి. ఎవరైనా వింత కథ మొదలుపెడితే, "మీరు స్వయంగా చూశారా, ఎవరో చెప్పగా విన్నారా?" అని అడగడం నా అలవాటు. బంధువుల్లో చాలామంది ఆ ఒక్క ప్రశ్నతోనే కథ ఆపేసేవారు. అందుకని ఇక్కడ నేను చూసినదాన్నీ, నా బావమరిది చెప్పినదాన్నీ ఒకదానితో ఒకటి కలపకుండా రాస్తాను.

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది. నా బావమరిది శేఖర్‌కు పలమనేరు దగ్గర కొంత పొలం, దాన్ని ఆనుకుని ఒక రాతి గుట్ట ఉన్నాయి. పాడి ఆవులతో నిలకడగా బతుకుతున్న మనిషి. ఆ గుట్ట కింద పాళెగాళ్ల నిధి ఉందని అంజనం వేసేవాడొకడు అతని తలకెక్కించాడు. ఆనాటి నుంచి ఆవుల సంగతి వదిలేసి గునపం పట్టాడు. అక్కడి నేల పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల జారిపోతుంది. ఏదో ఒక రోజు తమ్ముడు తాను తవ్విన గుంతలోనే పూడిపోతాడని నా భార్య భయం.

సరిగ్గా అప్పుడే ఒక సినిమావాళ్లు షూటింగుకు ఆ గుట్టను అడిగారు. డైరెక్టరు తిరుపతి కుర్రవాడు. గుడి స్తంభం మీది యాళి, అంటే సింహం ఒళ్లూ ఏనుగు తొండమూ ఉన్న ఆ మృగం, ప్రాణం పోసుకుని దిగివచ్చి, నిధి తవ్వే ముగ్గురు అన్నదమ్ములను వెంటాడి ఏడిపించడం కథ. భయమూ నవ్వూ కలిసిన సినిమా. మనుషుల అత్యాశను వెక్కిరించే ఆ సినిమా కోసం వాళ్లు గుట్ట పక్కన ఒక గుంత తవ్వించారు. దాన్ని చూసి శేఖర్‌కు ప్రాణం లేచివచ్చింది. అందరూ భోజనానికి వెళ్లగానే అతను అందులోకి దిగి, పక్కగా బండ కిందికి సొరంగం తోడటం మొదలుపెట్టాడు. ఎలాగైనా మాన్పించి రమ్మని నా భార్య నన్ను పంపింది.

అతను వినలేదు.

"సినిమావోళ్లు తవ్వితే కళ, నేను తవ్వితే పిచ్చా బావా?" అన్నాడు.

యాళి వేషం మునెయ్యది. ఆయన వీధినాటకాల్లో రాక్షస వేషాలు కట్టి తలపండినవాడు. అంతటి నటుణ్ణి అంత దగ్గరగా నేనెన్నడూ చూడలేదు. చెక్కతో చేసిన యాళి తల కట్టుకుని ఉగ్రంగా రెండడుగులు వేస్తే గుండె జల్లుమనేది. మూడో అడుగులో ముల్లు గుచ్చుకున్నట్టు ఆగి, కాలు పైకెత్తి, పాదాన్ని తొండంతో ఊదుకునేవాడు. కెమెరా వెనకున్నవాళ్లు నవ్వు ఆపుకోలేక నోట్లో తువ్వాళ్లు కుక్కుకునేవారు.

వీధినాటకంవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కిరీటం తలకు కట్టిన తర్వాత ఆ మనిషిని సొంత పేరుతో పిలవకూడదు. పిలిచినా అతను పలకడు. కిరీటం విప్పి చేటలో పెట్టిన తర్వాతే అతను మళ్లీ మామూలు మనిషి. మునెయ్య యాళి తలకూ ఇదే పద్ధతి పాటించాడు. "మునెయ్యన్నా, కొంచెం ఎడమకు" అని డైరెక్టరు గొంతు పోయేలా అరిచినా కదిలేవాడు కాదు. "యాళిసామీ" అంటేనే జరిగేవాడు.

"తల తీసినాక నన్నెంతైనా తిట్టుకోబ్బా. తల ఉన్నంతసేపు మాత్రం సామీ అను," అనేవాడు తర్వాత, నవ్వుతూ.

ఇక నేను చూసినది. ఆ మధ్యాహ్నం భోజనాలు గుట్టకు ఇవతల, చింతచెట్ల నీడలో. గుంత గుట్టకు అవతల. అక్కడ కేక వేస్తే ఇక్కడికి వినపడదు. తర్వాత ఒక మనిషిని నిలబెట్టి అరిపించి మరీ నిర్ధారించుకున్నాను. మునెయ్య నా పక్కన కూర్చుని రాగిసంగటి తింటున్నాడు. యాళి తల మా ఎదుటే చేటలో ఉంది. అటువంటి తల రెండోది చేయించలేదు.

"బరువుకు మెడ పట్టేసింది సార్. రాక్షసులకు మెడ ఎందుకుండదో ఇప్పుడు తెలిసె," అని నన్ను నవ్విస్తున్న మనిషి, ఉన్నట్టుండి గుట్ట వైపు తిరిగి, "ఆ... ఏమప్పా?" అన్నాడు.

ఎవరూ పిలవలేదన్నాను.

"పిలిచినారే," అంటూ ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. వెంటనే మళ్లీ తలెత్తి, "వస్తా ఉండాను, ఉండప్పా! తిననీరు గదా!" అని విసుక్కున్నాడు.

ఆ మాట పూర్తికాకుండానే మా కింద నేల అదిరింది. గుట్ట అవతల దుమ్ము లేచింది.

అందరం పరుగెత్తాము. గుంత ఉన్నచోట గుంత లేదు. దాని మీదికి బండ ఒరిగి ఉంది. కాస్త దూరంలో శేఖర్ ఎర్రమన్ను కొట్టుకుపోయి, నేల మీద చతికిలబడి ఉన్నాడు. మాతోపాటు వచ్చిన మునెయ్యను చూసి, "నువ్వు ఆ పక్క నుంచి యెట్ల వస్తివి?" అన్నాడు.

ఇక అతను చెప్పినది. సొరంగంలో తవ్వుతుండగా పైన అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే ఒడ్డున యాళి. ఉగ్రంగా రెండడుగులు వేసింది. మూడో అడుగులో ముల్లు ఆట ఆడలేదు. ఏట్లో దిగబోయే పశువు లోతు చూసుకున్నట్టు, పాదంతో నేలను మెల్లగా తడిమి, తల వంచి అతని వంక చూసింది. అతనికి నవ్వొచ్చింది. అంతలోనే తన గుట్టు కనిపెట్టాడన్న కోపం వచ్చింది. మునెయ్యన్నా అని పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. వెనుదిరిగి నడిచిందే గాని పలకలేదు. పట్టుకుని నిలదీద్దామని నిచ్చెనెక్కి వెంటపడ్డాడు. వెనక బండ కూలింది. కూలిన చోటు చూసి మళ్లీ ముందుకు చూసేసరికి ఆ బయలులో ఎవరూ లేరు.

అతను రెండుసార్లు పిలిచాడు. తల కట్టుకున్నది రెండుసార్లూ పలకలేదు. తల విప్పి నా పక్కన కూర్చున్న మనిషి రెండుసార్లూ పలికాడు.

గాలి ఆడని సొరంగంలో శేఖర్ భ్రమపడ్డాడని నేను ఒప్పుకోగలను. కానీ చెట్టునీడలో సంగటి తింటున్న మునెయ్యకు ఏ భ్రమ కలిగినట్టు? వారిద్దరూ ముందే కూడబలుక్కున్నారందామంటే, నాటకం కోసం బండ కింద ప్రాణాలు పెట్టే మనిషి కాదు నా బావమరిది.

డైరెక్టరు సామాన్లు సర్దమన్నాడు. మునెయ్య మాత్రం శేఖర్ ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"మూడో అడుగు యెట్లేసినాడు? సూపించు."

శేఖర్ లేచి చూపించాడు.

"కాలు ఎత్తనే లేదా?"

"లేదన్నా. నేల తడిమి సూసినాడు."

"నాకంటే బాగ చేసినాడా?"

శేఖర్ ఒంటిమీది మన్ను దులుపుకోసాగాడు.

"చెప్పబ్బా, ఏమీ అనుకోను."

"బాగుండె అన్నా. నవ్వొచ్చె. ఆ నవ్వుకే భయమేసె."

మునెయ్య లేచి, పాదంతో నేలను ఒకసారి తడిమి చూశాడు.

"అదే కరెక్టు," అన్నాడు చివరికి. "కావలి ఉండేవానికి ముల్లు యాడ గుర్తుంటాది? వానికి నేలే కదా లోకం. ఇన్ని దినాలూ నేనే తప్పు చేస్తి."

మునెయ్య డైరెక్టరును బతిమాలి షూటింగు ఆగనివ్వలేదు. ఆ సన్నివేశాన్ని మళ్లీ తీయించి, మూడో అడుగును శేఖర్ చూపించినట్టే వేశాడు. శేఖర్ ఆ తర్వాత గునపం ముట్టలేదు. మళ్లీ ఆవుల దగ్గరికి చేరాడు.

సినిమా ఎక్కువ రోజులు ఆడలేదు. ఆడిన కొద్ది రోజుల్లోనే నా భార్యనూ శేఖర్‌నూ వెంటబెట్టుకుని తిరుపతిలో చూశాను. తెర మీద యాళి రెండడుగులు వేయగానే ముగ్గురు అన్నదమ్ములూ హడలిపోవడం చూసి హాలంతా నవ్వింది. మూడో అడుగుకు నిశ్శబ్దమైపోయింది. పాదం నేలను అంత ప్రేమగా, అంత అనుమానంగా తడుముతుంటే, మనుషులు దాన్ని ఎంత డొల్ల చేశారో ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. తర్వాత ఒక్కసారిగా చప్పట్లు. నేనూ కొట్టాను. అంత గొప్ప నటనను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆ చప్పట్లలో మునెయ్యకు చెందవలసినవి ఎన్నో, మిగిలినవి ఎవరి పేర రాయాలో ఇన్నేళ్లయినా నేను తేల్చలేకపోయాను.