పోలీసాయనకు తలూపిన లాయరు

కచేరీలో పక్కవాద్యం వాడికి తలూపడం సగం ఉద్యోగం. పాడేవాళ్ళు ఏ సంగతి వేసినా, అది ఎలా ఉన్నా, మెచ్చుకున్నట్టు ఊపాలి. పధ్నాలుగేళ్ళు గుంటూరు, మంగళగిరి చుట్టుపక్కల ఫిడేలు వాయించి నేను లోటు లేకుండా నేర్చుకున్నది అదొక్కటే. ఆ తర్వాత సాయంత్రం కాలేజీలో లా చదివి, పిల్లల కేసులు పట్టుకున్నాను. మా గురువుగారు విని, "ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని చెడగొట్టావు. ఇక ముందు నిలబడి చెడగొట్టు" అని దీవించారు.

నా మొదటి కేసు పదిహేనేళ్ళ ఆడపిల్లది. మిరపయార్డు దగ్గర ఒక కొట్లో తల్లితోపాటు కాయలకు తొడిమలు తీసేది. గుమస్తా సెల్‌ఫోను ఆ పిల్ల ఓణీలో దొరికింది. అప్పట్లో సెల్‌ఫోను అంటే జేబులో పెట్టుకునే వస్తువు కాదు, నలుగురికీ కనబడేలా బల్ల మీద పెట్టేది. ఆ రోజు తేలాల్సింది ఒకటే: పిల్ల తల్లితో ఇంటికి వెళుతుందా, ప్రభుత్వం వాళ్ళ హోమ్‌కు వెళుతుందా.

పిల్లల కేసులు విచారించే బోర్డు కోర్టులా ఉండదు. ఒక గది, ఒక బల్ల, మఫ్టీలో పోలీసాయన. ఆయనది మంచి గొంతు. కాగితం చదువుకుంటూ వచ్చి, ఈ పిల్లను వదిలితే మళ్ళీ దొంగిలిస్తుందని చక్కగా ముగించాడు. నేను తలూపాను.

"ఏమండీ లాయరుగారూ, ఒప్పుకుంటున్నారా?" అన్నారు మేజిస్ట్రేటు మేడం.

"లేదండీ. అలవాటండీ."

"ఏం అలవాటు?"

"ఇంతకుముందు ఫిడేలు వాయించేవాణ్ణండీ."

వెనకనుంచి పిల్ల తల్లి అందుకుంది. "ఏమయ్యా, నువ్వు మా పిల్ల తరఫా, ఆయన తరఫా?"

అడగాల్సిన ప్రశ్నే.

మేడం పిల్లవైపు తిరిగి, "ఎందుకు తీశావమ్మా?" అన్నారు. అది పిల్ల స్టేషన్లోనూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. పోలీసాయన తానే చెప్పబోయాడు. పాడేవాళ్ళు ఎత్తుకోకముందే ఫిడేలు కమాను కదపకూడదని మాత్రం నాకు గట్టిగా తెలుసు. "కాస్త ఆగుదామండీ" అన్నాను. పోలీసాయన కాగితం బల్ల మీద పెట్టాడు.

"దాంట్లో పాటలు మోగుతాయండి," అంది పిల్ల నేల చూస్తూ. "నొక్కేకొద్దీ ఒకటి తర్వాత ఒకటి. అన్నీ విని పెట్టేద్దామనుకున్నా. ఇంకా రెండున్నాయి, ఈలోపు గుమస్తా వచ్చాడు. భయమేసి దాచా."

మేడం, సాక్షిగా వచ్చిన గుమస్తాను చూశారు.

"అవునండీ," అన్నాడతను. "ఓణీలోంచి పాట వినబడే పట్టుకున్నా."

"దొంగతనానికి వచ్చినవాళ్ళు వాద్యాలు పెట్టుకోరండీ" అన్నాను. ఈసారి పోలీసాయన తలూపాడు.

నెలకోసారి వచ్చి కనబడమని చెప్పి, మేడం పిల్లను తల్లితో పంపించారు. మరుసటి నెల ఆ పిల్ల నన్ను చూసి, "ఫిడేలు తేలేదా సార్?" అంది. ఆపై నెల తెచ్చి, బోర్డు వరండాలో ఓ పది నిమిషాలు వాయించాను.

"ఎట్టుందే?" అంది తల్లి.

పిల్ల కాస్త ఆలోచించి, "ఫోనే బాగుంది" అంది.

ఈ పిల్ల నిజమే చెబుతుందని బోర్డు ముందు వాదించినవాణ్ణి. తలూపక తప్పలేదు.