కలర్డ్ కట్టలు, కలర్ మెషీన్

చాంగీ విమానాశ్రయంలో దిగింది సోమవారం ఉదయం 05:50కి. బయట వాన, దానితోపాటే ఉక్కపోత. సామాను: ట్రంకుపెట్టె, బూట్లు, ఉన్ని స్వెటర్. సింగపూర్‌కు స్వెటర్ ఏమిటని ఇంట్లో నవ్వారు. పనిచేసే చోట ఏసీ పద్దెనిమిది డిగ్రీలని వాళ్లకేం తెలుసు!

పదిహేడేళ్లు సైన్యంలో సిగ్నల్స్‌లో చేసి హవల్దార్‌గా దిగిపోయాను. మంచు చూశాను, ఇసుక చూశాను. అయినా డ్యూటీ కబుర్లు చెప్పమంటే ముందు ఈ పోస్టింగే చెబుతాను, యూనిఫాం విప్పాక చేసిన తొంభై రోజులు. కంప్యూటర్ తెలిసిన ప్రతివాడూ విమానం ఎక్కుతున్న కాలం అది. నాకు కంప్యూటర్ రాదు. పెట్టెలు కాపలా కాయడం, లెక్క తప్పకుండా అప్పజెప్పడం వచ్చు. సింగపూర్ స్కానింగ్ కంపెనీవాళ్లకూ అలాంటివాడే కావలసి వచ్చాడు.

స్థలం బెడోక్ దగ్గర ఏడంతస్తుల భవనం. కింద స్టోర్ నాది. ఐదో అంతస్తులో స్కానర్లు. మధ్యలో వాకీటాకీ. పడక ఊరికి ఉత్తరాన యీషున్‌లో, ఒక ఫ్లాట్‌లో ఆరుగురం. డ్యూటీ 07:30 నుంచి 19:30.

సరుకు అమెరికా నుంచి వచ్చింది. యాభైల్లో, అరవైల్లో అక్కడి జనం ఓటు కోసం, బడిలో సీటు కోసం, బస్సులో కూర్చునే చోటు కోసం తమ ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలు, ఓటరు దరఖాస్తులు. ఎవరో లాయరు దాచిన నకళ్లు. వాటిని స్కాన్ చేసి సీడీల్లోకి ఎక్కించాలి. తర్వాత పెట్టెలు వెనక్కి పోతాయి.

ఆర్డర్‌లో ఒక వాక్యం ఉంది: కలర్ ఐటమ్స్ కలర్ స్కానర్‌కు, మిగతావి మామూలు స్కానర్లకు. కట్టలకు చీటీలు ఉన్నాయి. కొన్నిటి మీద ‘వైట్’, కొన్నిటి మీద ‘కలర్డ్’. ఇంతకంటే తేటగా ఎవరు రాస్తారు? వైట్ అంటే నలుపు తెలుపు, కలర్డ్ అంటే రంగులవి. విప్పి చూడలేదు. కట్టిన కట్ట విప్పే అలవాటు నాకు లేదు. కలర్ స్కానర్ అప్పటికి చెడిపోయి ఉంది. అది బాగయ్యేదాకా ఉండనీ అని పందొమ్మిది కలర్డ్ కట్టలనూ గోడవార వెనక వరసలో పేర్చి టార్పాలిన్ కప్పాను. నీటుగా పెట్టానని సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు కూడా.

ఆఖరి శుక్రవారం కలర్ స్కానర్ బాగైంది. మొదటి కట్ట పైకి పంపాను. 10:40కి వాకీటాకీ మోగింది. స్కానర్ మీద పనిచేసే కరీంనగర్ అమ్మాయి.

“స్టోర్, స్టోర్. అంకుల్, గిండ్ల రంగేడున్నది? అన్నీ నల్ల అచ్చరాలే. ఓవర్.”

“సరిగ్గా సూడమ్మా. సీటీ మీద కలర్డ్ అని ఉంది కదా. ఓవర్.”

కాసేపు గరగర. మళ్లీ ఆమె గొంతు.

“సదివిన అంకుల్. కలర్డ్ అంటే కాయితం కాదు. మనుషులు. నల్లోల్ల దరకాస్తులు ఏరుగ కట్టిపెట్టిన్రు. ఓవర్.”

మా ఊరి టీకొట్టులో మా పేటవాళ్ల గ్లాసులు విడిగా చూరులో ఉండేవి. ఆ గ్లాసులో తాగనని మొండికేసి పట్టాళానికి పోయినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి ఆ కట్టలన్నిటినీ నా చేత్తో వెనక వరసలో నిలబెట్టాను. సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లు వేడెక్కింది. మొదటి కట్ట స్కాన్ కాకుండానే ఆగింది. కొరియర్ 17:00కి. సీడీలు, పెట్టెలు రెండూ అప్పుడే పోతాయి.

సూపర్‌వైజర్ గుంటూరాయన. పదేళ్లుగా ఇక్కడే ఉండి తెలుగు మాటకు కూడా చివర ఇక్కడివాళ్ల ‘లా’ తగిలిస్తాడు.

“అవ్వదు లా, హవల్దార్ గారూ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? వైట్ అయిపోయిందిగా, అవి పంపేద్దాం. ఇవి తర్వాత చూద్దామండీ.”

“తర్వాత పెట్టెలెక్కడుంటాయి బాబూ? ఆ రోజుల్లోన ఈలికి సెప్పింది కూడా ఇదే మాటయ్యుంటాది, తర్వాత సూద్దామని.”

ఆయన గడియారం చూశాడు. కట్ట మీది చీటీ చూశాడు. టై వదులు చేసుకున్నాడు.

“మామూలు మెషీన్లు మూడూ ఆన్ చెయ్యమనండి.”

11:05కి మొదలు. లిఫ్ట్ కోసం ఆగితే ఆలస్యమని కట్టలు భుజాన వేసుకుని ఐదంతస్తులు ఎక్కాను. ఒకప్పుడు కొండల మీదికి బ్యాటరీలు మోసిన భుజమే. సూపర్‌వైజర్ స్వయంగా ఒక మెషీన్ ముందు కూర్చున్నాడు. అమ్మాయి నాకు ఏ బటన్ నొక్కాలో చూపించింది. అన్నం పొట్లాలు నిలబడే తిన్నాం. 13:30కి ఏడు కట్టలు. 15:15కి పదమూడు. 16:20కి పద్దెనిమిది. ఒక్కో కట్ట అవగానే అమ్మాయి కేక వేసేది, సూపర్‌వైజర్ బల్ల చరిచేవాడు. అంత హుషారు నాకు ఫైరింగ్ రేంజ్‌లో కూడా రాలేదు.

పందొమ్మిదో కట్ట అడుగున ఒకే మనిషి దరఖాస్తులు పదకొండు. ఒక ఆడమనిషి, ఓటు కోసం. మొదటిదానిమీద సంతకం చోట ఉత్త ఎక్స్ గుర్తు. పక్కన ముద్ర: చదువు రాదు, తిరస్కరణ. రెండోదానిమీద వణుకుతున్న రెండక్షరాలు. తిరస్కరణ. మూడోది, నాలుగోది, ఐదోది. అక్షరాలు నిలదొక్కుకుంటున్నాయి, ముద్ర మారడం లేదు. పదకొండోదానిమీద నిండు సంతకం, కింద గీత. ముద్ర చోట ఖాళీ. ఆ కాగితం అంచు ముడుచుకుపోయి గాజు మీద నిలవనంది. బొటనవేలితో అదిమి పట్టి బటన్ నొక్కాను. 16:52.

“అంకుల్, నీ బొటనేలు వడ్డది.”

ముగ్గురం తెర మీదికి వంగి చూశాం. మామూలుగా అయితే మళ్లీ తీయాలి. గుమ్మం దగ్గర కొరియర్ మనిషి అప్పటికే తలుపు కొడుతున్నాడు.

“ఉండనివ్వండి లా,” అన్నాడు సూపర్‌వైజర్.

వారం తర్వాత ఇల్లు చేరాను. సింగపూర్‌లో ఏం చూశావని అడుగుతారు. రైలు, వాన, స్టోర్ చూశానంటాను. ఆమెకు ఓటు వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ ఖాళీలో ఏ ముద్ర పడిందో కూడా తెలియదు. కళ్లు మూసినా తెరిచినా పోనిది ఒక్కటే: అమెరికాలో ఎక్కడో దాచి ఉన్న నలుపు తెలుపు బొమ్మలో ఆమె నిండు సంతకం, అది ముడుచుకుపోకుండా అదిమి పట్టుకున్న నా బొటనవేలు.