రేపటి కరెంటు జాతకం

ముందే ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నమ్మకం కుదరనివారి కోసం పదకొండు వేల వోల్టుల తీగ పట్టుకుని ఒట్టు వేయడానికైనా సిద్ధం (ఆ రోజుల్లో ఆ తీగలో కరెంటు ఉండే అవకాశం ఎంతో నాకు బాగా తెలుసు కనుకనే ఇంత ధైర్యం).

ఆ రోజుల్లో మా వైపు కరెంటు రావడం, పోవడం అనేవి ఉండేవి కావు. దర్శనమివ్వడం, అంతర్ధానమవడం మాత్రమే ఉండేవి. ఇప్పుడు మా అన్న కొడుకు హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చుని, రేపు మధ్యాహ్నం రెండుంబావుకు పాలమూరు సోలారు పలకల మీద ఎంత మబ్బు పడుతుందో, గాలిమరలు ఎంత తిరుగుతాయో, జనం ఎంత కరెంటు వాడతారో పావుగంటకొక అంకె చొప్పున చెబుతాడు. అంకె తప్పితే కంప్యూటరు ఎర్రబడుతుందట. మా కాలంలో ఇదే పని నేను ఒక గీతల రిజిస్టరుతో, అరిస్తే తప్ప వినపడని ఒక ఫోనుతో చేశాను. తప్పితే ఎర్రబడింది కంప్యూటరు కాదు, ఒక అవ్వ కళ్ళు. తేడా అంతే.

ఎనభైల చివర్లో, మీసం సరిగ్గా దట్టం కాకముందే, మోత్కూరు పక్కన ఒక చిన్న సబ్‌స్టేషన్లో ఆపరేటరుగా చేరాను. గంటకోసారి మీటరులో ముల్లు ఎక్కడుందో చూసి రాయడం, పైనుంచి ఫోనొస్తే వ్యవసాయం లైను ఆపడం, మళ్ళీ ఫోనొస్తే ఇవ్వడం, మధ్యలో రైతుల తిట్లు తినడం నా ఉద్యోగం. వీటన్నిటికీ తోడు, రోజూ సాయంత్రం నాలుగు గంటలకు రేపు మా లైను ఎన్ని ఆంపియర్లు లాగుతుందో అంచనా కట్టి పై ఆఫీసుకు చెప్పాలి. ఈ విద్యను నాకు ముందు పనిచేసి రిటైరైన పెద్దాయన మూడే మూడు మాటల్లో ఉపదేశించాడు. "నిన్నటి అంకె రాయి. ఆదివారమైతే రెండు తగ్గియ్యి. వానొస్తే రిజిస్టరు తడ్వకుంట సూస్కో." ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క అంచనా కూడా తప్పలేదు. ఎందుకంటే ఎవరూ సరిచూడలేదు.

నా ఖర్మకొద్దీ సరిచూసే మనిషి వచ్చాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీరు. చంకలో ఎప్పుడూ గ్రాఫు కాగితాల చుట్ట ఉండేది కాబట్టి వారం తిరక్కముందే ఊరు ఆయనకు గ్రాఫు సారు అని పేరు పెట్టేసింది. ఆయన వస్తూనే నా రిజిస్టరు తిరగేసి, "ఏమయ్యా, ఇరవై రెండు రోజులుగా ఒకే అంకె రాశావు. మీ ఊళ్ళో రోజులు మారవా?" అని అడిగాడు. "మారవు సార్" అన్నాను వినయంగా. (అది అబద్ధమేమీ కాదు.) ఆయన నవ్వలేదు. గోడకు కొత్త రూలు ఒకటి అంటించాడు. అంచనాకూ అసలుకూ తేడా మూడు ఆంపియర్లు దాటితే ఆ లైనుకు వారం పాటు రోజుకో గంట కరెంటు కోత. సరిగ్గా చెప్పిన లైనుకు ఆ గంట అదనం. "అంచనా అంటే శాస్త్రమయ్యా" అని కూడా అన్నాడు. శాస్త్రమంటే పంచాంగం చెప్పే అయ్యగారి దగ్గర ఉండేదని అప్పటిదాకా అనుకున్నాను. అది నా మెడకు చుట్టుకుంటుందని అనుకోలేదు.

మొదటి వారమే నా శాస్త్రం తొమ్మిది ఆంపియర్లు తప్పింది. గంట కోత పడింది. ఇక్కడే మా అవ్వ సంగతి చెప్పాలి. సొంత అవ్వ కాదు, నేను కిరాయికున్న ఇంటి అవ్వ. మొగుడు లేడు, పిల్లలు లేరు, బావి కింద ఎకరం వరి ఉంది. యాసంగి పంట, గింజ పాలు పోసుకుంటున్నది. ఇంకో మూడు వారాలు మడికి నీళ్ళు అందితే ఏడాది తిండి, అందకపోతే తాలు. కోత పడిన మూడో రోజుకే చివరి మడి నెర్రెలు బారింది. ఆ సాయంత్రం నా పళ్ళెంలో జొన్నరొట్టె పడింది గానీ పక్కన నంజుకోవడానికి తొక్కు పడలేదు.

"తొక్కు లేదా అవ్వా?" అన్నాను.

"అంచనా ఏస్కో బిడ్డా, యాడుందో" అంది. పొయ్యి ఎగదోస్తూ, "గంట ఎందుకు కోసిన్రు?" అని అడిగింది.

"రేపు ఎంత కరెంటు కాలుతదో నేను తప్పు చెప్పిన అవ్వా."

"నీకెట్ల ఎరుక? నీకు పొలముందా? బాయుందా? మోటరుందా?"

"లేవు."

"మరి లేనోనికి ఈ పనిచ్చినోడు ఎవ్వడు?"

ఈ ప్రశ్ననే ఈ మధ్య మా అన్న కొడుకును అడిగాను. వాడు తన కంప్యూటరు వైపు వేలు చూపించాడు.

నాకు జ్ఞానోదయం కావడానికి కారణం అవ్వ మోటరు కాలిపోవడం. మా దగ్గర ఒక ఆచారం ఉండేది. ప్రతి రైతూ స్టార్టరు డబ్బాను ఆటో మీద పెట్టి ఇంట్లో పడుకునేవాడు, కరెంటు రాగానే మోటరు దానంతటదే లేవాలని. అందరూ అంత తెలివైనవాళ్ళే కాబట్టి కరెంటు రాగానే అన్ని మోటర్లూ ఒకేసారి లేచేవి, వోల్టేజీ కుదేలయ్యేది, నాలుగైదు మోటర్లు పొగలు కక్కేవి. అలా కక్కిన అవ్వ మోటరును బండి మీద వేసుకుని ఆలేరు రోడ్డులో మోటర్లకు కొత్త చుట్టలు చుట్టే చాచా దుకాణానికి తీసుకుపోయాను. దుకాణం ముందు కాలిన మోటర్లు పెళ్ళి భోజనాలకు కూర్చున్నట్టు బంతి తీరి ఉన్నాయి.

"ఇవన్నీ మా లైనువేనా చాచా?" అన్నాను.

"ఔ బేటా, అన్నీ మీ మెహర్బానీయే" అన్నాడు చాచా, రాగితీగ చుడుతూ. "ముప్పై ఎనిమిదున్నయి. రేపు ఆరు ఇంటికి పోతయి."

"అయితే రేపు ఆరు మోటర్లు ఎక్కువ నడుస్తయన్నట్టు."

"అంతే గదా? నా దుకాణంల కూసున్న మోటరు కరెంటు తాగుతదా? జర దిమాక్ పెట్టు!"

పెట్టాను. లైను మీద మొత్తం ఎన్ని మోటర్లో రిజిస్టరులో ఉంది. చాచా దగ్గర కూర్చున్నవి తీసేస్తే మిగిలినవి నడుస్తాయి. నాలుగు మోటర్లకు సుమారు ఒక ఆంపియరు. శాస్త్రం పూర్తయింది. ఆ రోజు నుంచి రోజూ మూడున్నరకు సైకిలేసుకుని వెళ్ళడం, మోటర్లు లెక్కపెట్టడం, ఒక చాయ్ తాగడం, నాలుగు గంటలకు ఫోనులో అంకె అరవడం. తేడా రెండు ఆంపియర్లు దాటలేదు. పోయిన గంట తిరిగొచ్చింది, పైన ఇంకో గంట వచ్చింది. చాచా అవ్వ మోటరును అందరికన్నా ముందు చుట్టిచ్చాడు. పళ్ళెంలోకి తొక్కు తిరిగొచ్చింది. ఊళ్ళో నాకు 'రేపటి సారు' అని బిరుదొచ్చింది. కొందరు బిడ్డ పెళ్ళి ఎప్పుడవుతుందో చెప్పమని కూడా వచ్చారు (చెప్పాను, రెండు నిజమయ్యాయి).

గ్రాఫు సారు ఆశ్చర్యపడి, "నీ పద్ధతేమిటయ్యా?" అని అడిగాడు. కాలిన మోటర్లు లెక్కపెడుతున్నానంటే శాస్త్రం చిన్నబోతుందని నాకు భయమేసింది. "గాలిలో తేమ, నేల వేడి, కిందటేడు సగటు, ఇవన్నీ ఒక గుణకంతో హెచ్చిస్తాను సార్" అన్నాను. ఏ గుణకమో నాకు తెలియదు, ఆయన అడగలేదు. పది రోజుల్లో ఈ అద్భుతం చూడటానికి హైదరాబాదు నుంచి పెద్ద సారు వస్తున్నాడని కబురొచ్చింది. పద్ధతిని చార్టు మీద రాసి గోడకు పెట్టమన్నారు. రెండు రోజులు ఉద్యోగం మానేసినంత పనిచేసి, రంగు పెన్సిళ్ళతో బాణాలు, వంపులు, ఎక్కడా లేని గుణకాలు గీశాను. పద్ధతి గురించి రాసే హడావిడిలో పద్ధతి పాటించడం మరిచిపోయాను. ముందురోజు సాయంత్రం దుకాణానికి పోకుండానే, పాత లెక్కతో 'అరవై రెండు' అని ఫోనులో అరిచేశాను.

పెద్ద సారు వచ్చే రోజు పొద్దున ఏడింటికి ఆ దారిన పోతూ చూద్దును కదా, చాచా దుకాణం ముందు ఒక్క మోటరు లేదు! నేల ఊడ్చి నీళ్ళు చల్లి ఉంది. "ఎల్లుండి పండుగ గదా బేటా" అన్నాడు చాచా సంతోషంగా. "రంజాన్‌కు ఒకరి సామాను నా ఇంట్ల ఉంచను. రెండు రోజుల్ల ముప్పై రెండు మోటర్లు పంపిచ్చిన."

ముప్పై రెండంటే ఎనిమిది ఆంపియర్లు. పదకొండింటికి పెద్ద సారు ఎదుటే కరెంటు ఇస్తాం, అన్నీ ఆటో మీద ఒకేసారి లేస్తాయి. అంకె తప్పుతుంది, వారం పాటు గంట కోత పడుతుంది. సరిగ్గా ఆ వారమే అవ్వ వరికి ఆఖరి తడులు. నా ఉద్యోగం పోతుందన్న సంగతి కూడా గుర్తొచ్చింది గానీ, నిజం చెప్పాలంటే ముందు గుర్తొచ్చింది తొక్కు లేని రొట్టె.

పరుగున పోయి అవ్వ ముందు నేరం ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. చీపురు పక్కన పెట్టి ఆలోచించింది.

"అంకె మార్సరాదా?"

"ఫోన్ల చెప్పిన అవ్వా. ఇగ మారదు."

"అంకె మారకుంటె మోటర్లనే మారుద్దాం. గా ముప్పై రెండు ఇంక చాచా దుకాణంలనే ఉన్నయనుకుంటె సరిపాయె గద! పెద్ద సారు పోయేదాంక డబ్బాలు బంద్."

"వాళ్ళు వింటరా?"

"ముందుగాల నాది బంద్ పెడ్త. నా మోటరు గూడ చాచా దుకాణంల కూసోనొచ్చిందే గద."

ఎవరి మోటరు ఎవరిదో చాచాకు కంఠతా వచ్చు. ఆయన మోపెడ్ తీశాడు. జన్మలో బండెక్కని అవ్వ వెనక కూర్చుని, ఒక చేత్తో చాచా భుజం, ఇంకో చేత్తో కట్టె పట్టుకుని ఊళ్ళ మీద పడింది. ఆ తర్వాతి కథ చాచా నోట విన్నదే. ప్రతి బావి దగ్గరా అవ్వ ఒకటే మాట. "రెండు గంటలు డబ్బా బందుపెట్టు. పెట్టకుంటె నా పంట ఎండుతది. ఎండితే ఏడాదంత మీ ఇంట్లనే తింట. ఏమొండుతరో ఇప్పుడే సెప్పున్రి." ఒకాయన "నా పొలమెండితే ఎట్లవ్వా?" అన్నాడట. "నాదేం సముద్రంల ఉందారా? నేను బంద్ పెట్టలే?" అని కట్టెతో డబ్బా మూత తానే వేసిందట.

పదకొండింటికి పెద్ద సారు జీపు దిగాడు. చార్టును దూరం నుంచీ, దగ్గర నుంచీ, కళ్ళజోడు తీసీ చూశాడు. "మేధస్సు" అన్నాడు. గ్రాఫు సారు తల ఊపాడు. నేను దేవుణ్ణి తలచుకుని హ్యాండిలెత్తాను. ముల్లు లేచింది. ముప్పై, నలభై, యాభై ఐదు... వణుకుతూ వణుకుతూ వచ్చి సరిగ్గా అరవై రెండు మీద, పెళ్ళికూతురు పీటల మీద కూర్చున్నట్టు కూర్చుంది. పెద్ద సారు చప్పట్లు కొట్టాడు. అదనపు గంట నిలబడింది. అవ్వ వరి గింజ గట్టిపడింది. చార్టును చుట్టచుట్టి హైదరాబాదు తీసుకుపోయారు. ఇప్పటికీ ఏదో ఆఫీసు గోడకు వేలాడుతూ ఉంటుంది, దాన్ని చూసి ఎవరో అంచనాలు కడుతూనే ఉంటారు (మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు నన్ను తలచుకోండి).

ఇక ఒట్టు సంగతి. తీగ పట్టుకుంటానన్నాను కనుక కల్పించిందేదో కూడా చెప్పాలి. ముల్లు అరవై రెండు మీద ఆగలేదు. అరవై ఏడు దాకా పోయింది. ఇరవైమంది దాకా కరెంటు రాగానే మనసు ఆగక డబ్బాలు తెరిచేశారు. ముల్లు అరవై దాటుతుండగానే గ్రాఫు సారు గ్రాఫు కాగితం విప్పుకుంటూ వచ్చి, మీటరుకూ పెద్ద సారుకూ మధ్య తన వీపు అడ్డుపెట్టి నిలబడి, గట్టిగా "అరవై రెండండీ!" అన్నాడు. ఒక్క దశాంశం తప్పితే అన్నం తినని మనిషి! జీపు వెళ్ళిపోయాక నా పెన్ను అడిగి తీసుకుని, రిజిస్టరులో తన చేత్తోనే అరవై రెండు రాశాడు. గేటు దాటబోతూ, "రేపటి నుంచి చాచా దుకాణంలో లెక్కపెట్టడం మానకు. నేను రోజూ బస్సు దిగేది అక్కడేనయ్యా" అన్నాడు. అంటే గుణకాల కథను నమ్మిన అమాయకుడనేది కూడా నా కల్పనే. ఇన్నేళ్ళుగా ఆయన్ను వెర్రివాణ్ణి చేసి ఈ కథ చెప్పి నవ్వించాను. ఆ వీపు సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెబితే కథలో తెలివైనవాడు నేను కాకుండా పోతానని కాబోలు.

మొన్న మా అన్న కొడుకు తన తెర మీది వంపులు చూపిస్తూ, "చిన్నాయినా, మీ అంచనాలల్ల తప్పు ఎంత దాంక ఉండేది?" అని అడిగాడు.

"ఎంతో లేదు బిడ్డా. ఒక మనిషి వీపంత" అన్నాను.