ఆగ్నేయంలో పొగ పడవ

మా ఆయనకు బియ్యం తప్ప ఇంకో సంగతి తెలియదు. ఇది నేను కోపంతో అంటున్న మాట కాదు, ఆయనే గర్వంగా చెప్పుకునే మాట. మిర్యాలగూడలో తాతల నాటి నుంచి మిల్లు నడుపుతున్న ఇల్లు మాది. వడ్లగింజను పంటి కింద వేసి కటుక్కుమనిపించి తేమ ఎంతో చెప్పేస్తారు. అక్కడితో ఆగి ఉంటే నాకు ఇదంతా రాసే పని తగిలేది కాదు. కృష్ణలో పొగ పడవ నడుపుతానని బయలుదేరారు మహానుభావుడు.

పొగ పడవ అంటే పాత స్టీమరు. మఠంపల్లి దాటాక నది ఒడ్డున తుమ్మచెట్ల మధ్య తుప్పు పట్టి పడి ఉండేది. రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు. బాయిలరులో ఆవిరి పుడితే ఆ చక్రాలు తిరిగి నీళ్ళను వెనక్కి తోసేవి, పడవ ముందుకు పోయేది. సున్నపురాయిని, సంతకు పోయే మనుషుల్ని, వాళ్ళ మేకల్ని అవతలికి దాటించేదట. బస్సులొచ్చాక దాన్ని ఒడ్డుకు లాగి వదిలేశారు. ఆ తర్వాత కింద ప్రాజెక్టు కట్టారు, నీళ్ళు వెనక్కి తన్ని అవతలి ఒడ్డున ఊళ్ళు మునిగాయి. అలా మునిగినవాటిలో మా అత్తమ్మ పుట్టిన ఊరు కూడా ఉంది. ఇప్పుడక్కడ పాత వాటర్ ట్యాంకు తల ఒక్కటే నీళ్ళపైకి కనిపిస్తుంది.

అత్తమ్మకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా పోతోందని, అది ఆగే జబ్బు కాదని దవాఖానలో డాక్టరు తేల్చి చెప్పాడు. చెవి మిషను ఇచ్చాడు. అది పెట్టుకుంటే చెవిలో ఈగ దూరినట్టుందని తీసి బీరువాలో పడేసింది. ఆ రోజు ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కొడుకును పిలిచింది.

"సూడు బిడ్డా, ఈ చెవి గూడ ఖతమయ్యేలోపు నేను ఆ పొగ పడవ కూత ఒక్కసారి వినాలె. దాని మీదనే మా తల్లిగారి ఊరి దాంక పోయి రావాలె. ఇగ నాకు వేరే కోరికల్లేవు."

"గంతేనా అమ్మా? రిపేరు చేపిస్త" అన్నారు మా ఆయన. గ్రైండరు రాయి గరుకు పోయినా ఇదే గొంతుతో ఇదే మాట అంటారు. ఆ గ్రైండరు ఇప్పటికీ మూల కూర్చుని ఉంది.

నేను అత్తమ్మకు ఒక మంచి మాట చెప్పాను. అక్కడ చేపలు పట్టేవాళ్ళ ఇంజిను పడవలు బోలెడు ఉన్నాయని, అడిగితే టీ తాగేంత సేపట్లో దించేస్తారని.

"అది కూత పెడ్తదా?" అంది.

"పెట్టదు అత్తమ్మా."

"అయితె నేనెక్క."

"కూతతో మీకేం పని?"

"నాకు పనుంది. నీకెందుకే?"

సరే, పెద్దవాళ్ళ చాదస్తం అనుకుని వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

ముందు ఆ పడవ ఎవరిదో తేలాలి. మా ఆయన తిరగని ఆఫీసు లేదు. మాది కాదంటే మాది కాదన్నారు అందరూ. మేం సొంతంగా బాగు చేయించుకుంటామని చెప్పగానే ఒక్కసారిగా అది అందరిదీ అయిపోయింది. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళుగా ఎండకు ఎండి వానకు తడిసిన ఆ ఇనుము మీద అంతమందికి ప్రేమ ఉందని. చివరికి ఎలాగో అనుమతి కాగితం వచ్చింది. ఆ వారమే కమిటీ పుట్టింది.

కమిటీ అంటే ముగ్గురు. ఒకరు మా ఆయన. రెండోవాడు మా అన్నయ్య, కోదాడలో హైవే పక్కన హోటలు నడుపుతాడు. కోదాడవాళ్ళం అటు విజయవాడకూ ఇటు హైదరాబాదుకూ మధ్యలో పుట్టాం, మా ముందు ఆగిన ప్రతివాడికీ ఏదో ఒకటి తినిపించకపోతే మాకు తోచదు. పడవను చూడగానే అన్నయ్య కళ్ళు మెరిశాయి.

"బావగారూ, జనం ఊరికే కూర్చోరండీ. పైన దోసె స్టాలు పెట్టేద్దాం. నది మధ్యలో నెయ్యి దోసె! ఇంక చూస్కోండి."

మూడో ఆయన సూర్యాపేట వాస్తు సిద్ధాంతి. పడవకు సిద్ధాంతి ఎందుకంటారా? నేనూ అడిగాను. వెనకటికి ఈయన చెప్పాడనే మా మిల్లు బాయిలరును ఆగ్నేయ మూలకు జరిపారు, ఆ ఏడు మిల్లు దివ్యంగా నడిచింది. ఆ ఏడు ఊళ్ళో ప్రతి మిల్లూ దివ్యంగానే నడిచింది, పంట అలా పండింది. ఆ ముక్క మాత్రం మా ఆయన చెవికి ఎక్కదు. మా ఇంట్లో చెవుడు ఒక్క అత్తమ్మకే అనుకుంటే పొరపాటు.

మొదటి అడ్డంకి చక్రాల దగ్గర వచ్చింది. ఒక చక్రం సగం ఉంది, ఇంకోటి లేనే లేదు. దాని రేకులు దగ్గర్లో ఎవరిదో బర్రెల కొట్టానికి తలుపయ్యాయి. తలుపు ఇవ్వమంటే బర్రెలు ఎక్కడ పడుకోవాలని ఆ ఇల్లాలు తిట్టింది, న్యాయమే కదా. అప్పుడు మా ఆయనకు ఒక ఆలోచన తట్టింది. దమ్ము చేసేటప్పుడు బురదలో దిగబడకుండా ట్రాక్టరుకు ఇనుప పట్టీల చక్రాలు వేస్తారు చూడండి, అవి తెచ్చి పడవకు బిగించమన్నారు. "బురదల తిరుగుతయ్, నీళ్లల తిరగవా?" అని వెల్డింగు షాపు ముందు నిలబడి అడిగారు. ఎవరూ కాదనలేదు, యజమాని కదా. బిగించాక చూస్తే ఆ చక్రాలు నీళ్ళ దాకా అందవు. మళ్ళీ విప్పారు, అతుకులు వేసి పెద్దవి చేశారు. అందులో ఒకటి రెండోదానికంటే పెద్దదయింది. దాన్ని కోశారు. చిన్నదయింది. క్షవరంలో మీసాలు సమం చేసినట్టు నడిచింది ఆ పని, ఎండాకాలం పోయి వానలు పడేదాకా.

ఆ తర్వాత బాయిలరు. పాతది పొట్ట పగిలి ఉంది. దానికీ మా ఆయన దగ్గర మందు ఉంది, మిల్లులో వడ్లు ఉడకబెట్టే పాత చిన్న బాయిలరు! ఊకతో మండుతుంది, ఊకకు మా ఇంట్లో కరువా? మిల్లు ఫిట్టరు దాన్ని సరిచేసి, పరీక్ష చేయించి పడవలో కూర్చోబెట్టాడు. మంటా వచ్చింది, ఆవిరీ వచ్చింది. దాంతోపాటు నల్లటి ఊక బూడిద కూడా వచ్చి, ఆ ముందు రోజే వేసిన తెల్ల రంగు మీదా, రుచి చూడమని అన్నయ్య తెచ్చిన చట్నీ మీదా సమానంగా పరుచుకుంది. పైగా అవతలి ఒడ్డుకు పోయి రావాలంటే కావలసిన ఊక బస్తాలు పేరిస్తే, పడవలో మనుషులు కూర్చునే చోటే మిగల్లేదు.

"మనుషులు బస్తాల మీద కూసుంటరు" అన్నారు మా ఆయన. మిల్లులో అందరూ అలాగే కూర్చుంటారు మరి.

ఇన్ని జరుగుతున్నా, ఆ పాత పడవలో చెక్కుచెదరకుండా ఉన్నది ఒక్కటే, కూత పెట్టే ఇత్తడి గొట్టం. ఫిట్టరు దాన్ని చింతపండుతో తోమి ఆవిరి గొట్టానికి తగిలించాడు. దాని గురించి కమిటీలో ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు కాబట్టి అది బతికిపోయింది.

మా ఆయన సాయంత్రం మఠంపల్లి నుంచి రాగానే అత్తమ్మ గుమ్మంలోనే అడిగేది, "కూత పెట్టిందా?" అని. మొదట్లో "అయితదమ్మా, జర ఆగు" అని మామూలుగా చెప్పేవారు. తర్వాత్తర్వాత గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళకు వినిపించేంత అరవాల్సి వచ్చింది. చివరికి చెయ్యి ఊపి చెప్పడం మొదలుపెట్టారు. ఆమె మాత్రం ఒక గుడ్డ సంచిలో కొత్త చీర, పసుపు, కుంకుమ సర్ది తలగడ పక్కన పెట్టుకునే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయేది. చక్రం మీసమా గడ్డమా అని వీళ్ళు తేల్చుకునేలోపు ఆమె చెవి మూతపడేటట్టుంది.

అన్నీ అయ్యాయి, ఇక నీళ్ళలోకి దించడమే అనుకున్నప్పుడు సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని పడవ ఎక్కాడు. నేనూ ఎక్కాను, చూడాలి కదా. పడవ ముక్కు తూర్పుకు ఉంది. బాయిలరు పడవ నడిమధ్యన ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నడుమ బ్రహ్మస్థానం. గాడ నిప్పు పెడ్తరా ఎవరన్న? నిప్పు ఆగ్నేయంలనే ఉండాలె. ఇట్లనే నడిపితే ఇంటి యజమానికి మంచిది గాదు."

"ఇది ఇల్లు కాదు కదండీ" అన్నాను.

"మనుషులు కూసునేది ఏదైనా ఇల్లే అమ్మా."

"సరేనండీ, అవతలి ఒడ్డు దక్షిణాన ఉంది. పడవ అటు తిరగ్గానే మీ ఆగ్నేయం కాస్తా నైరుతి అయి కూర్చుంటుంది. అప్పుడో?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "తూర్పు ముఖం మారొద్దు. పక్కకు జరుపుకుంట పోవాలె" అన్నాడు.

మా ఆయన వెంటనే వెల్డింగు అతని వైపు తిరిగి, "జరుగుతదా?" అని అడిగారు. ఒట్టు, నిజంగానే అడిగారు.

"ట్రాక్టరే పక్కకు పోదు సార్" అన్నాడు అతను.

"అయితె నిలవడ్డప్పుడు తూర్పు ముఖముంటె సాలు" అని సిద్ధాంతి కరుణించాడు. ఆగ్నేయం విషయంలో మాత్రం కరుణించలేదు. బాయిలరును ముందు వైపు కుడి మూలకు లాగారు. దోసె పెనమూ నిప్పే కాబట్టి అదీ అక్కడికే పోయింది. ఊక నిప్పు పక్కనే ఉండాలి కాబట్టి బస్తాలన్నీ అక్కడే పేర్చారు. ఈశాన్యంలో నీళ్ళుండాలి, ఒక తొట్టి కట్టించండి అని కూడా అన్నాడు. "ఇలాగే దించండి, అన్ని మూలల్లోనూ నీళ్ళే ఉంటాయి" అన్నాను. మా ఆయన నావైపు చూసిన చూపుకు ఆ పూట అన్నం మానెయ్యాల్సింది, నేనే గట్టిదాన్ని కాబట్టి తిన్నాను.

నది నిండుగా ఉన్న రోజుల్లో ముహూర్తం పెట్టారు. షామియానా, ఫ్లెక్సీలు, మైకు. ఫ్లెక్సీలో మా ఆయన రెండు చేతులూ జోడించి పడవకంటే పెద్దగా ఉన్నారు. అత్తమ్మను కారులో తీసుకెళ్ళి ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. ఒళ్ళో గుడ్డ సంచి. అప్పటికి నేను కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా సగం మాటలే వినిపించే స్థితి. రావాల్సిన నాయకుడు వస్తున్నాడు, వస్తున్నాడు అన్నారు, రాలేదు. ముహూర్తం దాటుతోందని సిద్ధాంతి పరేషాన్. చివరికి కొబ్బరికాయ మా ఆయనే కొట్టారు. క్రేను పడవను మెల్లగా నీళ్ళలోకి వదిలింది. ఫిట్టరు బాయిలరు దగ్గర నిలబడ్డాడు, అప్పటికే ఆవిరి తయారుగా ఉంది.

జనం చప్పట్లు కొట్టారు. పడవ తేలింది. తేలి, ఒక్కసారి ఆలోచించుకుని, ఆగ్నేయానికి వంగింది. దోసె పిండి గిన్నె జారుకుంటూ వచ్చి బాయిలరు కాళ్ళ దగ్గర బోర్లా పడింది. బస్తాలు ఒకదాని మీద ఒకటి దొర్లాయి. కుడి చక్రం నీళ్ళ అడుగున బురదలో కూరుకుపోయింది, ఎడమ చక్రం గాలిలోకి లేచి తీరిగ్గా తిరుగుతోంది. మా అన్నయ్య "అయ్యయ్యో పిండి! పిండండీ!" అని అరుస్తున్నాడు. మా ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, అంత పడవను భుజంతో ఎత్తబోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పరువుకు తప్ప. నాకు నవ్వు ఆగలేదు. ఇన్నాళ్ళూ నేను చెబుతున్నదే జరిగిందన్న సంబరం కూడా, ఎందుకు దాచాలి?

ఫిట్టరు ఊక లాగేసి, మిగిలిన ఆవిరి వదిలెయ్యడానికి పైనున్న గొలుసు పట్టుకుని లాగాడు.

కూత వచ్చింది. లావుగా, పొడుగ్గా, కాళ్ళ కింద నేల అదిరేటట్టు వచ్చింది. నీళ్ళ మీదుగా పోయి అవతలి గట్టుకు తగిలి మళ్ళీ ఇటు వచ్చింది. అత్తమ్మ తల ఎత్తింది. కుర్చీ చేతులు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడింది.

"విన్నవానే?" అంది నాతో.

విన్నానని తల ఊపాను.

"ఇగ నడువు."

పడవ వైపు చూపించి, కదలదని చేతులతో చెప్పాను.

"అది కదలకుంటె ఏంది? కూత అయింది గద" అంది. "ఈడ కూత పెట్టంగనే గాడ మా అమ్మ ఎసరు పెట్టేది. పడవ ఒడ్డుకు తాకేవరకు అన్నం ఉడికేది. నేను పోయి కూసుంటె పొగలు కక్కంగ పెట్టేది. కూత లేకుంట పోతె ఆమెకెట్ల ఎరుక, నేనొస్తున్నని? ఇగ ఏ పడవైతె ఏంది, జల్ది నడువుండ్రి, ఎసరు మరుగుతుంటది."

ఆమె అమ్మ పోయి ఎన్నేళ్ళయిందో నాకు తెలుసు, ఆ పొయ్యి ఎన్ని నిలువుల నీళ్ళ కింద ఉందో తెలుసు. ఏడుపు ఆపుకోలేకపోయాను.

సిద్ధాంతి గబగబా వచ్చి ఇప్పుడు వర్జ్యం నడుస్తోందని, ప్రయాణం పెట్టుకోవద్దని చెప్పాడు.

"ఏమంటున్నడే?" అంది అత్తమ్మ.

చెవి దగ్గర నోరు పెట్టి, "చల్లగా పోయి రమ్మంటున్నారు" అని అరిచాను.

చేపలు పట్టే ఒకతను తన ఇంజిను పడవ ఒడ్డుకు తెచ్చాడు. అతనూ నేనూ పట్టుకుని ఆమెను ఎక్కించాం. మా ఆయన బురద కాళ్ళతోనే వచ్చి తల్లి పక్కన కూర్చున్నారు. నేను జరిగి చోటిచ్చాను, నాకే ఆశ్చర్యం. వాటర్ ట్యాంకు తల దగ్గరికి రాగానే అతను ఇంజిను ఆపాడు. నీళ్ళు పడవకు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. అత్తమ్మ సంచి విప్పి పసుపు కుంకుమలు వదిలింది, కొత్త చీర మడత విప్పి నీళ్ళ మీద పరిచింది. అది కాసేపు తేలి మునిగింది. తర్వాత పడవ అంచు పట్టుకుని కిందికి వంగింది. చెవుడు వచ్చాక ఆమెకు మెల్లగా మాట్లాడటం చేతకాదు, ఒడ్డున కమిటీకి కూడా వినిపించేంత గట్టిగా అంది:

"అమ్మా, ఏమనుకోకే. అన్నం సల్లారిందేమో. నీ మనుమడు వాస్తు సూపించిండు, గందుకే ఆలిస్యమయింది."